కరెంటు మీద ఒకలా, ఇన్వర్టర్ మీద ఒకలా: ఈసీజీకి పెట్టిన ఫిల్టర్ ఎందుకు పేలిపోతోంది?

ప్రశ్న: గుంటూరు_ఎంటెక్

నమస్కారమండీ. ఎంటెక్ రెండో ఏడాది, సిగ్నల్ ప్రాసెసింగ్. ఈసీజీలో ఎస్‌టీ సెగ్మెంట్ (గుండె కొట్టుకున్నప్పటి పెద్ద ముల్లు క్యూఆర్‌ఎస్‌కీ, దాని వెనకొచ్చే టీ తరంగానికీ మధ్య గీత) ఎంత లేచింది, ఎంత దిగింది అని కొలవడం ప్రాజెక్టు. ఫిల్టర్ దగ్గరే బండి ఆగిపోయింది.

బోర్డు సొంతంగా కట్టింది, మూడు ఎలక్ట్రోడ్లు. సెకనుకు 1000 శాంపిళ్లు, ఒక్కో రికార్డు 10 సెకన్లు. ఫైళ్లు చిన్నవవుతాయని ప్రతి నాలుగో శాంపిల్ మాత్రం ఉంచుకుని 250కి దించాను. ఆ తర్వాత సైపైలో (పైథాన్ లైబ్రరీ) బటర్‌వర్త్ బ్యాండ్‌పాస్, అంటే ఒక పట్టీలోని ఫ్రీక్వెన్సీలనే వదిలే ఫిల్టర్: ఆర్డర్ 6, 0.05 నుంచి 40 హెర్ట్జ్ వరకు. ఎస్‌టీ పాడవకూడదంటే కింది అంచు 0.05 ఉండాలని గైడ్ గారు చెప్పారు. దాని వెనక 50 హెర్ట్జ్ నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టూ కోసేది), క్యూ 30 (క్యూ ఎంత పెద్దదైతే కోత అంత సన్నం).

ఇబ్బందులు మూడు.

ఒకటి: బ్యాండ్‌పాస్ అవుట్‌పుట్ మిల్లీవోల్టుల్లో మొదలై పదో సెకను వచ్చేసరికి లక్షల్లోకి పోతోంది. ఫిల్టర్ పోల్స్ (హారంలోని పాలినామియల్ రూట్లు; అవి యూనిట్ సర్కిల్ లోపల ఉంటేనే ఫిల్టర్ స్థిరం) గీసి చూస్తే అన్నీ లోపలే ఉన్నాయి. స్థిరమైన సిస్టమ్‌కి హద్దులో ఉన్న ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ హద్దు దాటకూడదు కదా?

రెండు: నాచ్ పెట్టాక ప్రతి క్యూఆర్‌ఎస్ వెనకా సన్నటి వణుకు కనిపిస్తోంది. తీసేస్తే హమ్ (కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద) మిగిలిపోతోంది. అసలు 40 దగ్గర కోసేశాక 50 ఎందుకు మిగలాలి?

మూడు: కరెంటు పోయి ల్యాబ్ ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు తీసిన రికార్డుల్లో బేస్‌లైన్ మెల్లగా ఊగుతోంది. నాలుగు సెకన్లకి ఒక ఊగు, ఎత్తు సుమారు 0.15 మిల్లీవోల్టు. ఊపిరి వల్ల అనుకుని ఊపిరి బిగబట్టమని చెప్పి తీశాను. అప్పుడూ ఊగింది. మామూలు కరెంటు మీద ఇంత నీటుగా ఊగదు, కొద్దిగా అటూ ఇటూ అవుతుంది.

జవాబు: పోల్‌జీరో_బెజవాడ

మొదటిదానికి చెప్తాను. మీ డిజైన్ స్థిరమే. కాకపోతే మీరు నడుపుతున్నది ఆ డిజైన్ కాదు.

బ్యాండ్‌పాస్‌కి ఆర్డర్ 6 అని ఇస్తే చేతికొచ్చేది 12 పోల్స్ ఫిల్టర్. పై అంచుకి ఆరు, కింది అంచుకి ఆరు. కింది అంచువి ఆరూ సర్కిల్ మీది జడ్ = 1 బిందువు చుట్టూ ఎంత దూరంలో ఉంటాయో చూడండి: 2 × 3.1416 × 0.05 ÷ 250 = 0.00126. అందులో సర్కిల్‌కి బాగా ఆనుకుని ఉన్న జంటకి సర్కిల్‌తో ఎడం ఇందులో పావు వంతే, 0.0003 చిల్లర.

ఇప్పుడు ఆరు రూట్లు ఒకే చోట గుమిగూడిన పాలినామియల్‌ని కోఎఫిషియంట్లుగా విప్పి రాశారు. కోఎఫిషియంట్లో ఎప్సిలాన్ అంత తప్పు దొర్లితే రూటు ఎంత జరుగుతుంది? (జడ్ − 1) ఆరో ఘాతం = ఎప్సిలాన్ అని రాస్తే జవాబు అక్కడే ఉంది: ఎప్సిలాన్‌కి ఆరో మూలం. డబుల్ ప్రెసిషన్‌లో రౌండింగ్ 10⁻¹⁶ స్థాయిది. దాని ఆరో మూలం 0.002. అంటే సర్కిల్‌కి 0.0003 దూరంలో ఉండాల్సిన పోల్‌ని రౌండింగ్ ఒక్కటే 0.002 నెడుతోంది. కొన్ని లోపలికి పోతాయి, కొన్ని బయటపడతాయి. బయటపడ్డది ఒక్కటి చాలు. ఇది కూడా తక్కువ అంచనాయే, ఎందుకంటే కోఎఫిషియంట్లు 1 కంటే బాగా పెద్దవి కాబట్టి అసలు తప్పు ఇంకా ఎక్కువ.

మీ బొమ్మలో పోల్స్ లోపల ఉన్నాయంటే మీరు జీరో, పోల్, గెయిన్ రూపం నుంచి గీసి ఉంటారు. అక్కడ అవి లోపలే ఉంటాయి. ఏ, బీ (హారం, లవం) కోఎఫిషియంట్లు తీసుకుని వాటి రూట్లు కట్టి గీయండి. జడ్ = 1 దగ్గర ఆరు పోల్సూ పూరేకుల్లా విచ్చుకుని కనిపిస్తాయి. ఈ సెన్సిటివిటీ సంగతి కైజర్ 1965లోనే చూపించాడు. ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇందులోనే పడతారు.

మందు సెకండ్ ఆర్డర్ సెక్షన్లు (ఎస్‌ఓఎస్), అంటే ఫిల్టర్‌ని రెండేసి పోల్స్ ముక్కలుగా విడగొట్టి వరసగా నడపడం. ఒక్కో సెక్షన్‌లో రెండే పోల్స్ ఉంటాయి కాబట్టి జరిగే దూరం 10⁻¹⁶కి వర్గమూలం, అంటే 10⁻⁸. ఇక భయం లేదు. సైపైలో బటర్‌కి అవుట్‌పుట్ ఎస్‌ఓఎస్ అని అడగండి. మ్యాట్‌ల్యాబ్‌లో అయితే జీరో, పోల్, గెయిన్‌గా తీసుకుని అక్కణ్నుంచి ఎస్‌ఓఎస్‌కి మార్చండి. ఏ, బీలు తీసుకుని వాటిని ఎస్‌ఓఎస్‌కి మార్చడం మాత్రం వద్దు. పాలు విరిగాక కాచినట్టు ఉంటుంది. తప్పు అప్పటికే కోఎఫిషియంట్లలోకి వచ్చేసింది.

అయితే ఎస్‌ఓఎస్ పెట్టేసి చేతులు దులుపుకోకండి. మీ కింది అంచుకి ఆర్డర్ 6 పెట్టడమే అసలు పొరపాటు. అందులో బాగా నెమ్మదైన పోల్ జంట రియల్ భాగం 2 × 3.1416 × 0.05 × 0.2588 = 0.081. దాని టైమ్ కాన్‌స్టెంట్ (కుదుపు దాదాపు మూడో వంతుకి తగ్గే సమయం) 12.3 సెకన్లు. మొదలయ్యేటప్పటి కుదుపు ఒక శాతానికి తగ్గాలంటే 4.6 రెట్లు, దాదాపు 57 సెకన్లు ఆగాలి. మీ రికార్డు మొత్తం పది సెకన్లే. అంటే మీరు చూసేదంతా కుదుపే, స్థిరపడిన అవుట్‌పుట్ ఒక్క శాంపిల్ కూడా లేదు.

కింది అంచు చూసుకునే హైపాస్‌ని, పై అంచు చూసుకునే లోపాస్‌ని విడివిడిగా కట్టండి. హైపాస్‌కి ఆర్డర్ 1 గానీ 2 గానీ చాలు. ఆర్డర్ 1 అయితే టైమ్ కాన్‌స్టెంట్ 3.2 సెకన్లు, ఆర్డర్ 2 అయితే 4.5. లోపాస్‌కి 4 గానీ 6 గానీ మీ ఇష్టం, అక్కడ పోల్స్ విడివిడిగానే ఉంటాయి. రికార్డు కనీసం ఒక నిమిషం తీసి మొదటి 20 సెకన్లు పక్కన పెట్టండి. ఫిల్టర్‌కి ఇచ్చేముందు సగటు తీసేయడం మరవద్దు. ఎలక్ట్రోడ్ దగ్గర డీసీ ఆఫ్‌సెట్ 300 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, మీ ఈసీజీ చూస్తే ఒక మిల్లీవోల్టు. అంత మెట్టుని నేరుగా హైపాస్ మొహాన కొడితే అది కోలుకోవడానికే రికార్డు అయిపోతుంది.

జవాబు: అమరావతి_రోడ్డు

ఇంత తలనొప్పి ఎందుకండీ. మొత్తం రికార్డుకి ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసే లెక్క) తీయండి, 49 నుంచి 51 వరకు బిన్లు (ఫ్రీక్వెన్సీ గడులు) సున్నా చేయండి, వెనక్కి తిప్పండి. నాచూ అక్కర్లేదు, పోల్సూ అక్కర్లేదు, స్థిరత్వం గొడవే ఉండదు.

జవాబు: కృష్ణలంక_క్యూ

పై సలహా చూడ్డానికి బాగుంటుంది, కొలతకి పనికిరాదు. రెండు కారణాలు.

పది సెకన్ల రికార్డులో బిన్ వెడల్పు 0.1 హెర్ట్జ్. గ్రిడ్ ఎప్పుడూ కచ్చితంగా 50 మీద కూర్చోదు. మన దేశంలో గ్రిడ్ కోడ్ ప్రకారం నడవాల్సిన పట్టీయే 49.90 నుంచి 50.05. హమ్ 49.95 దగ్గర ఉందనుకోండి, సరిగ్గా రెండు బిన్ల నడుమ పడుతుంది. విండో (రికార్డు చివర్లని మెల్లగా సున్నాకి దించే గుణకం) లేకుండా ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే దాని కారుడు దూరానికి విలోమంగా తగ్గుతుంది, అంతే. ఒక హెర్ట్జ్ అవతల, అంటే పది బిన్ల అవతల కూడా మూడు శాతం ఉంటుంది. మీరు సున్నా చేసిన కిటికీ బయట మిగిలిందంతా వెనక్కి తిప్పినప్పుడు రికార్డు రెండు చివర్లా హమ్‌గా లేస్తుంది.

రెండోది ఇంకా చెడ్డది. గోడ కట్టినట్టు 2 హెర్ట్జ్ కోసేస్తే టైమ్‌లో దాని ఇంపల్స్ రెస్పాన్స్ సింక్ ఆకారం, 1/టీ చొప్పున తగ్గుతుంది. నాచ్ వణుకు ఎక్స్‌పొనెన్షియల్‌గా చచ్చిపోతుంది, ఇది చావదు. పైగా క్యూఆర్‌ఎస్ వెనకే కాదు, ముందూ వణుకుతుంది. క్యూఆర్‌ఎస్ ముందుండే పీ తరంగం మీద 50 హెర్ట్జ్ ముళ్లు మొలిస్తే ఎవరికి చెప్పుకుంటాం?

ఇక నాచ్ లెక్క. క్యూ 30 అంటే వెడల్పు 50 ÷ 30 = 1.67 హెర్ట్జ్. వణుకు టైమ్ కాన్‌స్టెంట్ 1 ÷ (3.1416 × 1.67) = 0.19 సెకను. ఒక శాతానికి దిగడానికి 0.88 సెకను. నిమిషానికి 75 కొట్టుకునే గుండెలో రెండు బీట్ల ఎడం 0.8 సెకను. పాతది చావకముందే కొత్తది మొదలు. అందుకే మీకు ఎక్కడ చూసినా వణుకే.

అలాగని క్యూ 10కి తగ్గిస్తే సరిపోతుందని చాలామంది రాస్తారు. ఎస్‌టీ కొలిచేవాళ్లకి అది తప్పుడు సలహా. వెడల్పు మూడింతలైతే వణుకు మొదటి ఎత్తు కూడా మూడింతలవుతుంది. మీరు కొలిచేది జే పాయింట్ (క్యూఆర్‌ఎస్ ముగిసే చోటు) దాటిన 80 మిల్లీసెకన్లకి అనుకుందాం. క్యూ 30లో మొదటి ఎత్తు 1 అనుకుంటే అక్కడ మిగిలేది 0.66. క్యూ 10లో 3 × 0.285, అంటే 0.85. ఎక్కువే అయింది! 200 మిల్లీసెకన్ల దగ్గరైతే క్యూ 10 గెలుస్తుంది, 0.35కి 0.13. ఎక్కడ కొలుస్తున్నారో చెప్పకుండా ఏ క్యూ మంచిదని అడగడంలో అర్థం లేదు.

గ్రిడ్ 0.1 హెర్ట్జ్ పక్కకి జరిగితే క్యూ 30 నాచ్ 18 డెసిబెల్సే తగ్గిస్తుంది, క్యూ 10 అయితే 28. క్యూ మరీ పెంచితే ఇంకో తంటా ఉందన్నమాట.

40 దగ్గర కోశాక 50 ఎందుకు మిగిలిందన్నారు. 250 శాంపిళ్ల దగ్గర ఆర్డర్ 6 బటర్‌వర్త్ 50 హెర్ట్జ్‌ని తగ్గించేది దాదాపు 15 డెసిబెల్స్, ఐదున్నర రెట్లు. హమ్ అర మిల్లీవోల్టు ఉంటే ఇంకా 0.09 మిగుల్తుంది. ఎస్‌టీలో డాక్టర్లు పట్టించుకునే కొలత ఒక మిల్లీమీటరు, అంటే 0.1 మిల్లీవోల్టు. కాబట్టి చాలదు.

ఎస్‌టీకి నేను చెప్పేది నాచ్ మానేయమని. హమ్‌ని తీసివేత పద్ధతిలో పట్టుకోండి. 250 శాంపిళ్ల దగ్గర 50 హెర్ట్జ్ ఒక ఆవృతానికి సరిగ్గా ఐదు శాంపిళ్లు, అదృష్టం మీది. టీ తరంగం అయిపోయాక, తర్వాతి పీ మొదలవకముందు గీత చదునుగా ఉంటుంది. అక్కడ ఐదు శాంపిళ్ల సగటు, నడిమి శాంపిల్ కేంద్రంగా తీయండి. అందులో హమ్ ఉండదు. అసలు శాంపిల్‌లోంచి ఆ సగటు తీసేస్తే మిగిలేది హమ్. ఆ ఐదు విలువలు దాచుకుని క్యూఆర్‌ఎస్, ఎస్‌టీ మీదుగా వరసగా తిప్పుతూ తీసేయండి. చదును భాగం రాగానే మళ్లీ కొత్తవి కట్టండి. గ్రిడ్ 0.05 హెర్ట్జ్ జరిగినా 100 మిల్లీసెకన్లలో ఫేజ్ తప్పు 0.03 రేడియన్లు, అంటే హమ్‌లో మూడు శాతం. ఎస్‌టీ చివరిదాకా, 300 మిల్లీసెకన్లు లాగితే తొమ్మిది శాతం. భరించవచ్చు.

ఎల్‌ఎంఎస్ (తప్పుని చూసి తన వెయిట్లు తనే సర్దుకునే ఫిల్టర్) పెడితే అడాప్టివ్ కదా, వణుకు ఉండదేమో అని ఆశపడకండి. సైన్, కొసైన్ రెఫరెన్స్‌తో రెండు వెయిట్ల ఎల్‌ఎంఎస్, 1975లో విడ్రో బృందం ఈసీజీ మీద చూపించినది, ఇన్‌పుట్ నుంచి ఎర్రర్ దాకా చూస్తే మామూలు ఎల్‌టీఐ (కాలంతో మారని లీనియర్) నాచే. మ్యూ (వెయిట్లు సర్దుకునే వేగం) పెంచడమంటే క్యూ తగ్గించడమే. వైవాలో ఇది అడుగుతారు, పోల్స్ ఎక్కడుంటాయో కట్టి ఉంచుకోండి.

గుంటూరు_ఎంటెక్

సార్, చాలా థాంక్సండీ. హైపాస్ ఆర్డర్ 2, లోపాస్ ఆర్డర్ 6, రెండూ ఎస్‌ఓఎస్‌లో పెట్టాను. పేలడం ఆగింది. రెండు నిమిషాల రికార్డులు కొత్తగా తీశాను. తీసివేత పద్ధతి రాస్తున్నాను. ఇన్వర్టర్ ఊగు మాత్రం అలాగే ఉంది. కింది అంచు 0.5కి పెంచితే పోతుంది, కానీ గైడ్ గారు ఒప్పుకోరు. ఫేజ్ పాడవకుండా ముందుకీ వెనక్కీ నడిపే ఫిల్టర్ పెడితే 0.5 వాడొచ్చంటారా?

జవాబు: సున్నాఫేజు

సార్లు ఎందుకులే, ఇక్కడ అందరం అన్నలమే.

0.5 సంగతి తర్వాత. ముందు ఆ ఊగు ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి. అది రోగి ఒంట్లోనూ లేదు, ఫిల్టర్లోనూ లేదు. మీ మొదటి పోస్టులో "ప్రతి నాలుగో శాంపిల్ మాత్రం ఉంచుకుని" అన్నారే, అక్కడుంది.

చౌక ఇన్వర్టర్ ఇచ్చేది చతురస్రపు తరంగం. అందులో బేసి హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి బేసి రెట్ల ఫ్రీక్వెన్సీలు) అన్నీ ఉంటాయి: మూడోది మూడో వంతు, ఐదోది ఐదో వంతు. ఐదో హార్మోనిక్ 250 హెర్ట్జ్ దగ్గర. మీరు ముందు ఏ ఫిల్టరూ లేకుండా 250 శాంపిళ్లకి దించారు. 250 హెర్ట్జ్ తరంగాన్ని సెకనుకి 250 సార్లు చూస్తే ప్రతిసారీ ఒకే చోట కనిపిస్తుంది, అంటే డీసీ. ఇన్వర్టర్ కొద్దిగా తప్పుగా 49.95 కొడుతోందనుకోండి, ఐదోది 249.75. అలియాస్ అయ్యాక, అంటే శాంపిళ్లు చాలక దొంగ ఫ్రీక్వెన్సీగా కనిపించాక, 0.25 హెర్ట్జ్. నాలుగు సెకన్లకి ఒక ఊగు. నిమిషానికి 15. పెద్దవాళ్లు ఊపిరి తీసే వేగం కూడా దాదాపు అంతే కావడంతో ఊపిరి అనుకోవడంలో మీ తప్పేం లేదు.

మామూలు కరెంటు మీద ఎందుకు అంత నీటుగా లేదు? దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న మిగతా దేశంతో కలిసిపోయింది. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో 3000 చుట్లు తిరిగే టర్బైనూ, ఉత్తరాదిలో తిరిగేదీ ఇప్పుడు ఒకే తాళానికి ఆడతాయి, ఆ తాళం క్షణక్షణం కొద్దిగా మారుతుంటుంది. పట్టీ 49.90 నుంచి 50.05 అంటే ఐదో హార్మోనిక్ 249.5 నుంచి 250.25 మధ్య తిరుగుతుంది, అలియాస్ అయ్యాక సున్నా నుంచి అర హెర్ట్జ్ మధ్య పాకుతుంది. పైగా గ్రిడ్‌లో ఐదో హార్మోనిక్ అంత పెద్దది కాదు. ఇన్వర్టర్‌కి ఆ తాళంతో పని లేదు, తన లోపలి ఆసిలేటర్ ఎంత చెప్తే అంతే, కదలదు. అందుకే అక్కడ గీత గీసినట్టు ఊగుతుంది.

నమ్మకం కుదరాలంటే రెండు పరీక్షలు. దించకముందు 1000 శాంపిళ్ల ఫైలు తీసుకుని, రెండు నిమిషాల రికార్డుకి హాన్ విండో పెట్టి, 249 నుంచి 251 మధ్య స్పెక్ట్రమ్ చూడండి. బిన్ వెడల్పు 0.0083 వస్తుంది, శిఖరం ఎక్కడుందో వేలుపెట్టి చూపొచ్చు. దాని ఎత్తు మీ ఊగు ఎత్తుతో సరిపోవాలి, ఎందుకంటే ఊరికే శాంపిళ్లు వదిలేయడం ఎత్తుని మార్చదు. రెండోది: మనిషిని తప్పించండి. మూడు లీడ్లూ ఒక చోట కలిపి, ఒక లీడ్‌లో మాత్రం 51 కిలో ఓమ్‌ల రెసిస్టరూ, దానికి పక్కపక్కగా 47 నానోఫారడ్ కెపాసిటరూ పెట్టండి. చర్మం మీద సరిగా అంటుకోని ఎలక్ట్రోడ్‌కి ఇది నకలు. అప్పుడూ ఊగితే ఊపిరి ఎవరిది?

దించేశాక ఏ ఫిల్టరూ దాన్ని తీయలేదు. 0.25 దగ్గర నిజమైన బేస్‌లైన్ ఉంది, దొంగదీ ఉంది, రెండూ ఒకే బిన్‌లో కూర్చున్నాయి. దించకముందే ఆపాలి. మీకు కావలసింది 40 వరకే కాబట్టి పని తేలిక. 250 శాంపిళ్ల దగ్గర 0 నుంచి 40లోకి వచ్చి పడేవి 210 నుంచి 290 హెర్ట్జ్, 460 నుంచి 500 హెర్ట్జ్ మధ్యవి. 150 హెర్ట్జ్ వచ్చి 100లో పడుతుంది, దాన్ని తర్వాతి లోపాస్ చూసుకుంటుంది. అంటే పాస్ 40, స్టాప్ 210, మధ్యలో 170 హెర్ట్జ్ ఖాళీ. 80 డెసిబెల్స్‌కి కైజర్ విండో లెక్క కడితే ఆర్డర్ 30, అంటే 31 ట్యాపులు (కోఎఫిషియంట్లు) సరిపోతాయి. లీనియర్ ఫేజ్, ఆలస్యం 15 శాంపిళ్లు, 15 మిల్లీసెకన్లు, అన్ని ఫ్రీక్వెన్సీలకీ ఒకటే. రెడీమేడ్‌గా కావాలంటే డెసిమేట్ ఫంక్షన్ ఉంది, తనే ముందు ఆర్డర్ 8 చెబిషెవ్ లోపాస్ పెట్టి దించుతుంది. వట్టి స్లైసింగ్ మాత్రం మానేయండి.

ఇంకో మాట, ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) ముందు బోర్డు మీద అనలాగ్ ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్) ఉందా? 1000 శాంపిళ్ల దగ్గర 19వ హార్మోనిక్ 950, 21వది 1050, రెండూ వచ్చి 50 మీదే కూర్చుంటాయి. 150 హెర్ట్జ్ ఆర్‌సీ ఒకటి పెడితే 950ని 16 డెసిబెల్స్ తగ్గిస్తుంది. చతురస్రపు తరంగంలో 19వది ఎలాగూ 19వ వంతే, కాబట్టి ఆ ఒక్క మెట్టు చాలు.

ఇప్పుడు 0.5. ముందుకీ వెనక్కీ నడిపితే ఫేజ్ సున్నా, నిజమే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 సిఫారసుల్లో మామూలుగా 0.05, సున్నా ఫేజ్ అయితే 0.67 వరకు అని ఉంది. మీ గైడ్ గారికి అది చూపించండి. కానీ మూడు విషయాలు గుర్తుంచుకోండి. రెండుసార్లు నడుస్తుంది కాబట్టి అంచు దగ్గర 3 డెసిబెల్స్ కాస్తా 6 అవుతుంది. బోర్డు మీద లైవ్‌గా నడవదు. చివర్ల దగ్గర ప్యాడింగ్ (రికార్డుకి రెండు వైపులా అతికించే శాంపిళ్లు) చాలదు: సైపైలో అది ఫిల్టర్ పొడవుకి మూడు రెట్లే తీసుకుంటుంది. మీ పాత 12 పోల్స్ ఫిల్టర్‌కి అయితే 39 శాంపిళ్లు, 0.16 సెకను. 12 సెకన్ల టైమ్ కాన్‌స్టెంట్ ముందు 0.16 సెకను ప్యాడింగ్ ఏ మూలకి? ప్యాడ్ పొడవు మీరే చేత్తో ఇవ్వండి, హైపాస్ టైమ్ కాన్‌స్టెంట్‌కి ఐదు రెట్లు ఉండేలా.

గుంటూరు_ఎంటెక్

అన్నా, శిఖరం 249.75 దగ్గరే ఉంది. ఎత్తు 0.15. రెసిస్టర్ పెట్టి చూస్తే మనిషి లేకుండానే ఊగుతోంది. 31 ట్యాపులు పెట్టి దించాక గీత చదునుగా వచ్చింది.

ఇంకొక్కటి. ఇదే హైపాస్‌ని ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ బోర్డు మీద లైవ్‌గా నడపాలి. ప్రాసెసర్ కార్టెక్స్ ఎం4. సీఎంసిస్ లైబ్రరీలో బైక్వాడ్ (రెండు పోల్స్ సెక్షన్) ఫంక్షన్ వాడుతున్నాను, ఫ్లోట్. పీసీ మీద బాగా నడిచిన కోఎఫిషియంట్లే ఇచ్చాను. అర సెకనులోపే అవుట్‌పుట్ ఇన్ఫినిటీ అంటోంది. మళ్లీ మొదటికొచ్చానా?

జవాబు: పోల్‌జీరో_బెజవాడ

అవుట్‌పుట్ ఒక శాంపిల్ ప్లస్, ఒక శాంపిల్ మైనస్‌గా, ప్రతిసారీ రెండున్నర రెట్లకి కొంచెం తక్కువగా పెరుగుతోందా? అయితే ఇది గుర్తుల తేడా. సైపై, మ్యాట్‌ల్యాబ్‌లలో ఏ1, ఏ2 (పాత అవుట్‌పుట్ల కోఎఫిషియంట్లు) సమీకరణంలో ఎడమవైపున ఉంటాయి, అంటే లెక్క వేసేటప్పుడు తీసివేయాలి. సీఎంసిస్ వాటిని కూడుతుంది. కాబట్టి రెండిటి గుర్తులూ తిప్పి ఇవ్వాలి. తిప్పకపోతే మీ హైపాస్ పోల్స్ జడ్ = 1 దగ్గర ఉండాల్సింది పోయి ఒకటి 0.41కి, ఇంకోటి −2.41కి వెళ్తుంది. 2.41ని సుమారు నూరుసార్లు హెచ్చిస్తే ఫ్లోట్ హద్దు దాటేస్తుంది. 250 దగ్గర నూరు శాంపిళ్లంటే 0.4 సెకను. మీరు చెప్పిన అర సెకను లెక్క సరిపోయింది. ఏ0 కూడా ఇవ్వకండి, వాళ్ల వరసలో ఒక్కో సెక్షన్‌కి ఐదే అంకెలు.

గుర్తులు సరిచేశాక ఇంకో చిక్కు ఉంది, అది అరవదు కాబట్టి ముందే చెప్తున్నా. ఎం4లో హార్డ్‌వేర్ ఫ్లోట్ సింగిల్ ప్రెసిషనే, రౌండింగ్ 6 × 10⁻⁸. రెండు పోల్స్ సెక్షన్‌లో దాని వర్గమూలం 0.00024. మీ పోల్ దూరం 0.00126, అందులో ఐదో వంతు అటూ ఇటూ. పేలదు, కానీ 0.05 అనుకున్న అంచు 0.05 దగ్గర ఉండదు. 1000 శాంపిళ్ల దగ్గర నడిపితే దూరం 0.0003కి పడిపోతుంది, అప్పుడిక దేవుడే దిక్కు. అందుకే హైపాస్‌ని 250కి దించాక పెట్టండి.

దీనికన్నా తేలిక దారి ఆర్డర్ 1. ఇప్పటి ఇన్‌పుట్ తీసివేత పాత ఇన్‌పుట్, దానికి 0.99874 రెట్లు పాత అవుట్‌పుట్ కలపండి. పోల్ ఒక్కటే, అది జరిగే దూరం రౌండింగ్ అంతే. ఆర్డర్ 2యే కావాలని గైడ్ గారు పట్టుబడితే ఆ ఒక్క సెక్షన్‌ని డబుల్‌లో రాయండి. సాఫ్ట్‌వేర్‌లో నడిచినా సెకనుకి 250 శాంపిళ్లంటే ఆ చిప్‌కి లెక్కలోకి రాదు.

16 బిట్ ఫిక్స్‌డ్ పాయింట్ జోలికి మాత్రం పోకండి. 0.99874తో హెచ్చించి రౌండ్ చేస్తే, అవుట్‌పుట్ 397 కౌంట్ల కన్నా తక్కువైన చోట తగ్గాల్సిన మొత్తం అర కౌంటు కన్నా చిన్నది. రౌండింగ్ దాన్ని మళ్లీ పాత అంకెకే తెస్తుంది. డీసీ సున్నాకి రాదు, ఎక్కడ ఆగిందో అక్కడే మేకు దిగినట్టు ఉండిపోతుంది. బేస్‌లైన్ నాలుగు వందల కౌంట్ల ఎత్తులో ఇరుక్కుపోతే ఎస్‌టీ లేచిందని రాసే ప్రమాదం ఉంది. అక్యుములేటర్ 32 బిట్లు ఉంచి, పాత అవుట్‌పుట్‌ని కత్తిరించకుండా పూర్తిగా దాచుకుంటేనే అది కిందికి దిగుతుంది.